రక్తనాళాల లోపొర నుంచి ఊడిన కణాలు: వ్యాధికి నేరు సాక్ష్యం

గుండె గదుల నుంచి కాలి వేలి కొసన ఉన్న కేశనాళిక దాకా, రక్తం తాకే ప్రతి గోడకూ లోపలివైపు ఒకే వరుస కణాల పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. చాలాచోట్ల ఈ పొర మందం ఒక మైక్రాను కూడా ఉండదు. అయినా ఒంట్లోని ఈ కణాలన్నిటినీ కూడితే బరువు కిలో దాకా తూగుతుందని అంచనా. నాళంలో రక్తం గడ్డకట్టకుండా చూసేది ఈ పొరే. నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసేదీ, ఏ తెల్లకణం ఎక్కడ గోడ దాటాలో తేల్చేదీ, నీటినీ ప్రోటీన్లనూ రక్తంలోనే ఆపి ఉంచేదీ ఇదే. ఇంత పని చేసే ఈ పొరను వైద్యుడు చేత్తో తడిమి చూడలేడు, మామూలు స్కానింగులో విడిగా గుర్తించలేడు. రోజూ కొంత ముక్క కోసి పరీక్షకు పంపే వీలూ లేదు. గోడ నుంచి ఊడి రక్తంలో కొట్టుకొచ్చే కణాలకు ఇంత విలువ రావడానికి కారణం ఇదే. గోడలోని కణమే పరీక్షనాళికలోకి వచ్చి తన స్థితి చెబుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఇవి అతి తక్కువ. ఒక మి.లీ. రక్తంలో ఎర్రకణాలు సుమారు 500 కోట్లు, తెల్లకణాలు 40 లక్షల నుంచి కోటి దాకా ఉంటాయి. ఎండోథీలియల్ కణాలు మాత్రం సాధారణంగా 10 లోపే. వయసు తీరిన కణం ఒకటీ అరా రాలడం, ఆ ఖాళీని పక్క కణం విభజన చెంది పూడ్చడం మామూలుగా జరిగేదే. లెక్క పదులూ వందలకు చేరిందంటే మాత్రం ఎక్కడో గోడ దెబ్బ తింటున్నట్టే.

కణం ఊడిపోయే దారులు అన్నీ ఒకటి కావు. కిందనున్న పొరను పట్టి ఉంచే ఇంటెగ్రిన్లు, పక్క కణంతో అతికి ఉంచే కాడ్హెరిన్లు తెగితే కణం బతికుండగానే లేచిపోవచ్చు. తెల్లకణాలు వదిలే ఎంజైములు, ప్రతిరక్షకాలు, బాక్టీరియా విషాలు దాన్ని చంపి ఊడగొట్టవచ్చు. యాంజియోప్లాస్టీ బెలూన్ వంటి పరికరం గోడను రాసుకున్నా కణాలు రాలతాయి. రక్తంలో దొరికిన కణం బతికి ఉందా, చచ్చి ఉందా అన్నది కూడా అందుకే పరిశీలించదగ్గ విషయం. సికిల్ సెల్ రోగుల్లో దొరికేవాటిలో చాలా భాగం బతికే ఉంటాయి. చిన్న నాళాల వాపు జబ్బుల్లో దొరికేవి ఎక్కువగా చచ్చినవి.

మరో సంగతినీ విడదీసి చూడాలి. కణాలు రాలకుండానే గోడ కారవచ్చు. డెంగీలో ప్లాస్మా బయటికి కారడానికి కణాల మీది చక్కెరల పూత, కణాల మధ్య అతుకులు సడలడం ముఖ్య కారణాలు. వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రోటీన్ ఆ పూతను చెరుపుతుందని ప్రయోగశాలల్లో తేలింది. కాబట్టి ఊడిన కణాల లెక్క తక్కువగా ఉన్నంత మాత్రాన గోడ క్షేమంగా ఉందనుకోవడం పొరపాటు. ఎక్కువగా ఉంటే దెబ్బ ఖాయం, తక్కువగా ఉంటే దెబ్బ లేదని చెప్పలేం. ఈ పరీక్షను చదివే ప్రతి చోటా ఈ తేడా గుర్తుండాలి.

ఈ కణాల వేట 1970 నాటికే మొదలైంది. న్యూయార్క్‌లో గేనర్, బూవియే, స్పేట్ కుందేళ్లకు బాక్టీరియా ఎండోటాక్సిన్ ఎక్కించి, వాటి రక్తంలో నాళపు పొర కణాలను చూశారు. 1973లో ప్రాగ్‌లో హ్లాదొవెట్స్, రాస్మన్ ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు. ప్లేట్‌లెట్లున్న ప్లాస్మాను వేరుచేసి, ప్లేట్‌లెట్లను గుంపుకట్టించి తొలగించి, మిగిలిన పెద్ద కణాలను సూక్ష్మదర్శిని కింద లెక్కించడం ఆ పద్ధతి. ఖర్చు లేని పద్ధతే. కాకపోతే కణాన్ని ఆకారం చూసి పోల్చుకోవాలి. ఆకారం ఒక్కటీ నమ్మదగ్గ గుర్తు కాదు. పెద్ద తెల్లకణాన్నో, చర్మం నుంచి సూది వెంట వచ్చిన కణాన్నో నాళపు కణమని లెక్కవేసే ప్రమాదం ఉంది. వేర్వేరు చోట్ల వచ్చిన అంకెలు పొంతన లేకుండా పోయాయి.

మలుపు మార్సేయిలో వచ్చింది. ఫ్రాంస్వాజ్ దిన్యా-జార్జ్, జోసే సాంపోల్ తదితరుల బృందం నాళపు కణాల ఉపరితలాన్ని పట్టుకునే ఎస్-ఎండో-1 అనే మోనోక్లోనల్ ప్రతిరక్షకాన్ని తయారుచేసింది. అది పట్టుకునే అణువుకే తర్వాత సీడీ146 అని పేరు స్థిరపడింది. 1990ల మొదట్లో ఆ బృందం ఈ ప్రతిరక్షకాన్ని అయస్కాంత పూసలకు తగిలించి, మొత్తం రక్తంలోంచే కణాలను ఏరడం మొదలుపెట్టింది. ఇన్ని కోట్ల కణాల మధ్య పదో ఇరవయ్యో వెతికి పట్టడం అప్పటి నుంచే నిజంగా సాధ్యమైంది.

ఈ పరీక్ష ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. మోచేతి మడత దగ్గర సిరలోకి సూది దిగేటప్పుడు ఆ సూదే గోడను గీరి కొన్ని కణాలను రాలుస్తుంది. అందువల్ల మొదట వచ్చిన కొద్ది మి.లీ. రక్తాన్ని ఈ లెక్కకు వాడకూడదు. దాన్ని వేరే పరీక్షలకు పంపి, తర్వాతి రక్తాన్ని ఈడీటీఏ ఉన్న ట్యూబులో పట్టాలి. సిర దొరక్క రెండు మూడు సార్లు పొడిచిన చేతి నుంచి తీసిన నమూనాను నమ్మలేం. ట్యూబును చల్లగా ఉంచి 24 గంటల లోపు పని ముగించాలి. 1 మి.లీ. రక్తంలో 4.5 మైక్రాన్ల వ్యాసమున్న పూసలు కలిపి, చల్లని చోట అరగంట సేపు మెల్లగా తిప్పుతారు. ట్యూబు పక్కన అయస్కాంతం పెడితే పూసలూ, వాటికి అంటుకున్న కణాలూ గోడకు చేరతాయి. మిగతాది పారబోసి, కడిగి, మళ్లీ అయస్కాంతం పెట్టి, మళ్లీ కడుగుతారు. యులెక్స్ అనే మొక్క గింజల నుంచి తీసిన లెక్టిన్‌కు మెరిసే రంగు తగిలించి చల్లితే నాళపు కణాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. 10 మైక్రాన్లకు మించిన పరిమాణం, ఒంటి మీద అంటుకున్న నాలుగైదు పూసలు, లెక్టిన్ రంగు, ఈ మూడూ కలిసిన కణాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఎర్రకణం వ్యాసం 7, 8 మైక్రాన్లు కాబట్టి పక్కన చూస్తే తేడా కంటికి తెలుస్తుంది.

సీడీ146 ఒక్కటీ చాలదనడానికి కారణం ఉంది. ఉత్తేజితమైన కొన్ని టీ-లింఫోసైట్ల మీద కూడా అది కనిపిస్తుంది. తెల్లకణాలన్నిటి మీదా ఉండే సీడీ45 లేదని చూసుకుంటేనే కణం జాతి తేలుతుంది. ఫ్లో సైటోమెట్రీ యంత్రంతో లెక్కించేవారు ఈ రెండింటికీ సీడీ31, సీడీ34 వంటివి జోడిస్తారు. యంత్రం వేగంగా పని చేస్తుంది కానీ అరుదైన కణాల దగ్గర దాని అంకెలు ఒక్కోసారి పూసల పద్ధతి అంకెలకు వందల రెట్లు మించిపోయాయి. ఆ అంకెలు చూసి భయపడడం కంటే, ఏది నిజంగా నాళపు కణమో ముందు తేల్చుకోవడం మేలు.

నాళపు గోడను నేరుగా కొరికే వ్యాధుల్లో ఈ పరీక్ష బలం బాగా బయటపడింది. మార్సేయి బృందం మొదట ఎంచుకున్న వాటిలో మధ్యధరా మచ్చల జ్వరం ఒకటి. కుక్క పిడుదు కాటుతో వచ్చే రికెట్సియా కొనోరై అనే బాక్టీరియా ఎండోథీలియల్ కణంలోనే కాపురం పెట్టి పెరుగుతుంది. 1992లో ద్రాంకూర్ తదితరులు, రోగి రక్తంలోంచి పూసలతో ఏరిన నాళపు కణాల లోపల ఆ బాక్టీరియాను మెరిసే ప్రతిరక్షకంతో చూపించారు. 1993లో జార్జ్ తదితరులు అదే జబ్బులో కణాల లెక్క పెరగడం, చికిత్సతో తగ్గడం గమనించారు. 1996లో లా స్కోలా, రావూల్ ఆరేళ్ల అనుభవాన్ని ప్రకటించారు. వేరే ఏ వ్యాధిలోనూ ఈ కణం ఇంత పూర్తి సాక్ష్యం ఇవ్వదు. గోడ దెబ్బ తిన్నదని చెబుతూనే, దెబ్బ తీసిన క్రిమిని కడుపులో పెట్టుకుని వస్తుంది. ప్రతిరక్షకాల పరీక్షకు వారం ఆగాల్సిన చోట ఇది ముందుగానే జవాబు చెప్పగలదు.

నాళపు కణంలో పెరిగే ఇటువంటి క్రిమి దక్షిణ తమిళనాడుకూ దూరం కాదు. మానామదురై-విరుదునగర్ రైలు మార్గం మీద తిరుచ్చుళికి చేరువలో ఉన్న నరికుడి నుంచి అరుప్పుక్కోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా వానాధారపు పొలాలు, నల్లరేగడి నేలలు, నీళ్లు ఇంకిన చెరువులు. నాయకరాజుల కాలం నుంచీ కమ్మ, రెడ్డి, కంబళత్తు నాయకర్ కుటుంబాలు ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటూ సేద్యం చేస్తున్న సీమ ఇది. సాగు మానేసిన చేలను, చెరువు గట్లను సర్కారు తుమ్మ ఆక్రమించింది. దాన్ని నరికి బొగ్గు కాల్చడం ఇక్కడ చాలామందికి బతుకుతెరువు. ఇటువంటి పొదల్లో, గడ్డిలో, ఎలుకల మీద బతికే నల్లి జాతి పురుగు పిల్ల కుడితే వచ్చేది స్క్రబ్ టైఫస్. తమిళనాడులో వానలు మొదలయ్యాక, చలికాలంలో ఇది ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి వైపు ఆస్పత్రులకూ ఇది పరిచితమైన జబ్బే.

కారకం ఓరియెన్షియా సుత్సుగముషి. ఇది ప్రధానంగా నాళపు పొర కణాల్లోనూ, రక్షణ కణాల్లోనూ పెరుగుతుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, దగ్గుతో మొదలైన జ్వరం ప్లేట్‌లెట్లను పడగొట్టి, కాలేయపు ఎంజైములను పెంచి, రెండో వారానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేర్చవచ్చు. ఇవన్నీ చిన్న నాళాల గోడ వాచి చెడడం వల్లనే. కుట్టిన చోట కొందరికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. దానికి నొప్పి ఉండదు కాబట్టి రోగి దాని గురించి చెప్పడు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము దగ్గర బట్ట బిగిసే చోట, చెవి వెనక వైద్యుడే వెతకాలి. బొగ్గుబట్టీ దగ్గర పని చేసి జ్వరంతో వచ్చిన స్త్రీని చీర పక్కకు తీసి చూడడానికి నర్సు సాయం లేకపోతే ఆ పెచ్చు కనబడకుండానే పోతుంది. ఐజీఎం ఎలీసా ఉన్నచోట రక్తపరీక్ష తోడ్పడుతుంది. కానీ ప్రతిరక్షకాలు మొదటి వారం చివరికి గాని బాగా పెరగవు. పెచ్చు దొరికినా, అనుమానం బలంగా ఉన్నా, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి. ఈ విషయంలో సందేహానికి తావు లేదు. కణాల లెక్క ఈ నిర్ణయాన్ని ఆలస్యం చేయకూడదు. అది తోడ్పడగలిగేది గోడ ఎంతగా దెబ్బతిన్నదో, చికిత్సకు ఎంత త్వరగా కుదుటపడుతున్నదో తెలుసుకోవడానికి.

డాక్సీసైక్లిన్ వెనక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ఆయన. ఆయన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన రోజుల్లోనే, అక్కడ పని చేస్తున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను రాబట్టాడు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది, రికెట్సియా జ్వరాలను లొంగదీసిన తొలి తరం మందుల్లోనూ ఒకటి. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత పుట్టింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో ఏ మందు మేలన్న ప్రశ్నకు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆధ్వర్యంలో దేశంలోని 7 కేంద్రాల్లో 794 మందిపై జరిగిన ప్రయోగం 2023లో జవాబిచ్చింది. సిరలోకి ఎక్కించే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇచ్చినవారిలో 33 శాతం మందిలోనే మరణం గానీ, విడవని జ్వరం గానీ, తగ్గని ఉపద్రవాలు గానీ కనిపించాయి. ఒక్కో మందే ఇచ్చినవారిలో ఇది 47, 48 శాతం. మరణాల వరకే చూస్తే మాత్రం గణనీయమైన తేడా లేదు.

సికిల్ సెల్ రక్తహీనత కథ వేరు. 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో ఈ లక్షణాన్ని గుర్తించారు. విశాఖ మన్యం నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగు సీమల ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఇది ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో దీని నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించి, 2047ను గడువుగా పెట్టుకుంది. కొడవలి ఆకారానికి మారిన ఎర్రకణాలు చిన్న నాళాల్లో ఇరుక్కోవడమే ఈ జబ్బని చాలాకాలం అనుకున్నారు. 1997లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సొలొవే, హెబెల్ తదితరులు ఆ ఊహను సవరించారు. ఆరోగ్యవంతుల్లో మి.లీ.కు సుమారు 3 ఉన్న ఎండోథీలియల్ కణాలు, నిలకడగా ఉన్న రోగుల్లో 13 దాకా, నొప్పి తీవ్రంగా వచ్చిన సమయంలో 23 దాకా పెరిగాయి. పైగా ఆ కణాల మీద తెల్లకణాలను అంటించుకునే అణువులు నిండి ఉన్నాయి. రక్తాన్ని గడ్డకట్టించే టిష్యూ ఫ్యాక్టర్ కూడా వాటి మీద ఉందని ఆ బృందమే 1998లో చూపింది. అంటే గోడ దెబ్బ తినడమే కాదు, ఊరుకోకుండా రక్తాన్ని గడ్డకట్టించే వైపు తిరుగుతోంది. నొప్పి లేని రోజున కూడా లెక్క మామూలుకు నాలుగు రెట్లుండడం గమనించదగ్గది. పైకి కుదుటగా కనబడే పిల్లవాడి నాళాల్లో దెబ్బ ఆగలేదన్నమాట.

అన్నిటికన్నా పెద్ద అంకెలు వచ్చింది చిన్న నాళాల వాపు జబ్బుల్లో. మూత్రపిండాలనూ ఊపిరితిత్తులనూ వారాల్లో పాడుచేసే యాంకా వాస్కులైటిస్‌లో, 2003లో హానోవర్‌లో వోయ్‌వోట్, హౌబిట్స్ బృందం మి.లీ.కు వంద దాటిన లెక్కలు చూసింది. కొందరిలో అవి వేలకు చేరాయి. చికిత్సతో తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది. లక్షణాలు సద్దుమణిగినా గోడ కోలుకోవడానికి సమయం పడుతుందన్నమాట. ఈ జబ్బులో వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇదీ సుబ్బారావు ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద సాగిన పనికి సంతానమే.

గుండె విషయంలో 1999లో మ్యూటిన్ తదితరులు చూపినది ముఖ్యం. గుండెపోటులోనూ, అస్థిరమైన ఛాతీనొప్పిలోనూ కణాలు పెరిగాయి. నడిస్తే వచ్చి ఆగితే పోయే నిలకడైన నొప్పిలో పెరగలేదు. 2012లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధకులు గుండెపోటు రోగుల్లో దొరికిన కణాలు మామూలువాటికన్నా పెద్దవనీ, కొన్నిట్లో ఒకటికి మించిన కేంద్రకాలు ఉన్నాయనీ చెప్పారు. గుండె కండరం చచ్చిందని ట్రోపోనిన్ చెబుతుంది. కండరం చచ్చేలోపే ధమని గోడ చిట్లిందని చెప్పే పరీక్ష దొరకాలన్న ఆశ ఇక్కడి నుంచి పుట్టింది. ఆ ఆశ ఇంకా రోజువారీ పరీక్షగా మారలేదు.

టైప్ 2 మధుమేహంలో కణాలు పెరుగుతాయని 2005లో మెక్‌క్లంగ్ బృందం చూపింది. ఆ పెరుగుదలకు చక్కెర అదుపును తెలిపే హెచ్‌బీఏ1సీతో సంబంధం కనబడలేదు. చక్కెర అంకె బాగున్నంత మాత్రాన నాళం బాగున్నట్టు కాదని వైద్యులు చెప్పే మాటకు ఇది బలమిస్తుంది. సెప్టిక్ షాక్, లూపస్, ఊపిరితిత్తుల ధమనుల అధిక పీడనం, కొన్ని క్యాన్సర్లు, తీవ్రమైన కోవిడ్ కూడా ఈ జాబితాలోనివే. ఇన్ని జబ్బుల్లో పెరిగే అంకె ఒక్క జబ్బునూ ప్రత్యేకంగా నిర్ధారించలేదు. రికెట్సియా మినహా, ఈ కణం దెబ్బ తగిలిందని చెబుతుంది, కారణం చెప్పదు. రోగిని పరీక్షించి, సరైన ప్రశ్న వేసుకున్న వైద్యుడి చేతిలోనే దీనికి అర్థం ఉంది.

ఈ కణాలను మరో రకంతో కలిపి గందరగోళపడడం 1997 తర్వాత ఎక్కువైంది. ఆ ఏడు అసహారా తదితరులు, రక్తంలో నాళపు పొరను కొత్తగా కట్టగల మూలకణాలున్నాయని ప్రకటించారు. అవి మరమ్మతుకు వచ్చేవి, ఇవి గోడ నుంచి ఊడినవి. రెంటినీ వేరు చేసి చూపడానికి 2000లో లిన్, హెబెల్ చక్కని దారి ఎంచుకున్నారు. స్త్రీ మూలుగను పురుషుడికీ, పురుషుడి మూలుగను స్త్రీకీ మార్పిడి చేసిన రోగుల్లో ఈ కణాల క్రోమోజోములు చూశారు. నూటికి 95 దాకా రోగి సొంతవే, దాత మూలుగ నుంచి వచ్చినవి ఐదు మాత్రమే. ఊడిన కణాలు గోడవేనన్న విషయం దీంతో స్థిరపడింది.

లెక్కించే తీరును ఒక దారికి తేవడానికి 2006లో వివిధ బృందాలు కలిసి ఉమ్మడి విధానాన్ని ప్రతిపాదించాయి. పూసలు, రంగు, పరిమాణం గురించి పైన చెప్పిన నియమాలు అందులోవే. క్యాన్సర్ కణాల కోసం వచ్చిన సెల్‌సెర్చ్ యంత్రాన్ని కూడా సీడీ146, సీడీ105 గుర్తులతో ఈ పనికి మలిచారు. అయినా ఒక ప్రయోగశాల అంకెను మరో ప్రయోగశాల అంకెతో నేరుగా పోల్చడం ఇప్పటికీ క్షేమం కాదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఒకే రోగి నుంచి వరుసగా తీసిన లెక్కలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. సూది దెబ్బ, నిల్వ, చూసే కంటి తేడా ఆ వరుసలో చాలావరకు సమానంగా ఉంటాయి కాబట్టి మార్పు నిజమైన మార్పే అయ్యే అవకాశం ఎక్కువ.

2022లో మొదలైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటి చోట అయస్కాంత పూసలు, మెరిసే రంగుల సూక్ష్మదర్శిని సమకూరేలోపు కూడా చేయగలిగిన పని ఉంది. దెబ్బ తిన్న నాళపు కణం వాన్ విలీబ్రాండ్ ఫ్యాక్టర్‌ను, థ్రాంబోమాడ్యులిన్ ముక్కలను రక్తంలోకి వదులుతుంది. మార్సేయి బృందం 1993లోనే మచ్చల జ్వరంలో కణాల లెక్కతో పాటు ఈ రెంటినీ కొలిచింది. ఇవి ఎలీసా పళ్లెంలో కొలవదగ్గవి, ప్లాస్మాను అతిచల్లగా ఘనీభవింపజేసి దాచి తర్వాత కూడా చేయవచ్చు. కణమంత నేరు సాక్ష్యం కాకపోయినా, స్క్రబ్ టైఫస్ రోగి చేరిన రోజు, మూడో రోజు, ఇంటికి వెళ్లే రోజు తీసిన మూడు నమూనాల్లో ఇవి తగ్గుతున్నాయో లేదో చూడడానికి జిల్లా స్థాయి ప్రయోగశాల చాలు.